బోధిధర్ముడు: చేతిపట్టు నేర్పాడా, మనసుపట్టు నేర్పాడా?



ఉపాసకులారా, ఉపాసికలారా! మీ బస్తీలో కరాటేకో కుంగ్ ఫూకో పోయే పిల్లవాణ్ణి ఒక మాట అడిగి చూడండి, ఈ విద్య ఎవరు కనిపెట్టారని. తడుముకోకుండా బోధిధర్ముడి పేరు చెప్తాడు. మన దేశం నుంచి పోయిన బౌద్ధ భిక్షువు, చైనావాళ్ళకి కొట్టడం, పట్టడం నేర్పింది ఆయనే అంటాడు. ఆ మాట చెప్తున్నప్పుడు వాడి ముఖంలో గర్వం కనిపిస్తుంది. ఆ గర్వం ఊరికే రాలేదు. బౌద్ధం తీసుకున్నామని చెప్పగానే, మీది చేతులు ముడుచుకు కూర్చునే ధర్మం కదా అని ఎవరో ఒకరు వాణ్ణి ఎగతాళి చేసి ఉంటారు. దానికి వాడు దాచుకున్న జవాబు బోధిధర్ముడు.

ఆ జవాబు నిలుస్తుందా, కూలుతుందా? ఈసారి మనం చూడాల్సింది ఇదే. కేసపుత్త గ్రామంలో కాలాములకి బుద్ధుడు చెప్పింది గుర్తుంది కదా. నలుగురూ అంటున్నారని, గ్రంథంలో రాసుందని, గురువు నోటి నుంచి వచ్చిందని నమ్మెయ్యవద్దు, మీ అంతట మీరు పరీక్షించి చూసుకోండని చెప్పాడు. బాబాసాహెబ్ కూడా బుద్ధుని మాట ఏది, తర్వాత అతికించింది ఏది అని తేల్చుకోవడానికి హేతువునే కొలబద్దగా పెట్టారు. బుద్ధుని మాటకే ఆ పరీక్ష ఉన్నప్పుడు బోధిధర్ముని కథకి లేకుండా ఎలా ఉంటుంది?

తెర మీది బోధిధర్ముడు

తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకి తరలివచ్చాక జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ దాని ఇల్లయ్యాయి. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో మొదలుపెట్టిన నాటికి ఆ చుట్టుపక్కలంతా రాళ్ళగుట్టలు. ఇప్పుడు కొండ మీద హీరోల బంగళాలు, కొండ కింద కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, ఫైటర్లు. హీరో చెయ్యి మెలిపెడితే గాల్లో పల్టీ కొట్టి కింద పడేవాడు ఆ ఫైటరే. అలాంటి పని కోసం మన పిల్లలు కూడా ఆ వీధుల్లో తిరుగుతుంటారు.

ఆ కొండ నుంచి వచ్చిన సినిమాలే మన ఊళ్ళకి ఈ విద్యల మోజు తెచ్చాయి. 1999లో వచ్చిన తమ్ముడు, 2003లో వచ్చిన అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి కిక్‌బాక్సింగ్ చుట్టూ తిరిగాయి. 2001లో శ్రీహరి భద్రాచలం టైక్వాండో కథ చెప్పింది. ఇక 2011లో మురుగదాస్ తీసిన తమిళ సినిమా సెవెన్త్ సెన్స్ పేరుతో తెలుగులోకి వచ్చింది. అందులో సూర్య బోధిధర్ముడు. పల్లవ రాజకుమారుడు చైనాకి పోతాడు, రోగాలు నయం చేస్తాడు, జనానికి యుద్ధవిద్య నేర్పుతాడు, చివరికి వాళ్ళు విషం కలిపిన అన్నం పెడితే తెలిసీ తింటాడు. మన పిల్లల మనసుల్లో ఉన్న బోధిధర్ముడు ఎక్కువగా ఈ సూర్యే.

సినిమాని తప్పుపట్టడం మన పని కాదు. సినిమా వ్యాపారం, వినోదం. కానీ ధర్మాన్ని సినిమా మీద నిలబెట్టకూడదు. అసలు మనిషిని వెతుకుదాం రండి.

ఎక్కడివాడు, ఎవరివాడు?

బోధిధర్ముడి గురించి దొరికే అన్నిటికంటే పాత రాత 547 నాటిది. లొయాంగ్ నగరంలోని బౌద్ధారామాల గురించి యాంగ్ షువాన్‌జీ అనే ఉద్యోగి రాసిన పుస్తకం అది. లొయాంగ్‌లో 516లో యుంగ్‌నింగ్ ఆరామం కట్టారు. అందులో తొమ్మిది అంతస్తుల చెక్క గోపురం ఉండేది. 534లో అది కాలిపోయింది. ఆ గోపురం నిలబడి ఉన్న రోజుల్లో ఒక ముసలి భిక్షువు వచ్చి, దాన్ని చూసి ఆశ్చర్యపోయి, చేతులు జోడించి, రోజుల తరబడి నమో నమో అంటూ నిలబడ్డాడట. ఆయన పారశీక దేశం వాడని, తన వయసు 150 ఏళ్ళని చెప్పుకున్నాడని ఆ పుస్తకం అంటుంది.

రెండో సాక్షి తాన్‌లిన్. బోధిధర్ముని బోధకి ముందుమాట రాసినవాడు. ఆయన ప్రకారం బోధిధర్ముడు దక్షిణ భారతం వాడు, ఒక గొప్ప రాజుకి మూడో కొడుకు. మూడో సాక్షి దావ్‌షువాన్, 645 ప్రాంతంలో గొప్ప భిక్షువుల జీవితాలు రాసిన చరిత్రకారుడు. ఆయన కూడా దక్షిణ భారతమనే అన్నాడు, బ్రాహ్మణ కులం అన్నాడు. చైనా దక్షిణ తీరాన సుంగ్ వంశం పాలిస్తున్నప్పుడు దిగాడని, తర్వాత ఉత్తరాన వేయ్ రాజ్యానికి పోయాడని రాశాడు. సుంగ్ వంశం 479లో అంతరించింది కాబట్టి, ఈ లెక్కన ఆయన రాక అంతకు ముందే.

చూశారా! ఒకరు పారశీకుడన్నారు, ఇద్దరు దక్షిణ భారతీయుడన్నారు. ఒకరు రాజు కొడుకన్నారు, ఒకరు బ్రాహ్మణుడన్నారు. ఈ ముగ్గురిలో ఎవరూ కంచి పేరు చెప్పలేదు, పల్లవుల పేరు ఎత్తలేదు. అవి తర్వాత చేరినవి. ఈ ముగ్గురిలో ఎవరూ ఆయన ఒక దెబ్బ కొట్టాడని గానీ, ఒక పట్టు నేర్పాడని గానీ అసలే చెప్పలేదు.

దక్షిణ భారతం అనగానే తెలుగువాళ్ళకి ఆశ పుడుతుంది. పుట్టడంలో తప్పులేదు. తొలి పల్లవుల జాడలు మన కృష్ణా తీరాన ఉన్నాయి. నరసరావుపేట దగ్గర మయిదవోలులో దొరికిన ప్రాకృత తామ్రశాసనంలో పల్లవ యువరాజు శివస్కందవర్మ ధాన్యకటకంలోని తన అధికారికి ఆజ్ఞ పంపాడు. ధాన్యకటకం అంటే మన అమరావతి. చైనా ధ్యాన సంప్రదాయం చెప్పుకునే గురుపరంపరలో బోధిధర్ముడు 28వ వాడైతే, 14వ వాడు ఆచార్య నాగార్జునుడు. అందుచేత ఆ పరంపర మన నేలని తాకకుండా పోలేదు. కానీ ఇంతమాత్రాన బోధిధర్ముణ్ణి గుంటూరువాణ్ణి చేసేస్తే మనమూ సినిమా తీసినట్టే.

ఇంకో సంగతి. ఆయన ఏ ఊరివాడని తమిళులు, తెలుగువాళ్ళు లాక్కుంటారు. ఏ వర్ణంవాడని ఇంకొకరు వెతుకుతారు. మనకి ఆ వెతుకులాట ఎందుకు? గంగ, యమున సముద్రంలో కలిశాక పాత పేర్లు పోగొట్టుకున్నట్టు, సంఘంలోకి వచ్చినవాడు పుట్టుకని పోగొట్టుకుంటాడని బుద్ధుడు చెప్పాడు. మంగలి ఉపాలి, పాకీపని చేసిన సునీతుడు, రాజు కొడుకు, బ్రాహ్మణుడు, అందరూ అక్కడ ఒకటే నీళ్ళు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ వెంట లక్షలమంది దిగింది ఆ నీళ్ళలోకే.

చక్రవర్తి ముందు, గోడ ముందు

ఆయన జీవితంలో అందరూ చెప్పుకునే ఘట్టం లియాంగ్ వంశపు వూ చక్రవర్తితో భేటీ. వూ 502 నుంచి 549 దాకా ఏలాడు. బౌద్ధానికి పెద్ద దాత. తనను తానే ఆరామానికి దానం చేసుకుని, మంత్రులు బోలెడంత ధనం కట్టి విడిపించుకుంటే మళ్ళీ సింహాసనం ఎక్కిన మనిషి. ఇంత చేశాను, నాకెంత పుణ్యం వచ్చింది అని ఆయన అడిగితే, ఏమీ రాలేదని బోధిధర్ముడు చెప్పాడట. ఆరామాలు కట్టించిన చక్రవర్తి ముందు నిలబడి, నీ ఖాతాలో ఏమీ లేదని చెప్పాడన్నమాట.

ఈ భేటీ గురించి పాత సాక్షులు ముగ్గురూ ఒక్క మాటా రాయలేదు. ఇది 8వ శతాబ్దంలో షెన్‌హుయ్ అనే ధ్యాన గురువు వర్గం ద్వారా వెలుగులోకి వచ్చింది. కాబట్టి చరిత్రగా తీసుకోలేం. కథగా మాత్రం దాచుకోదగింది. మన విహారాల్లో పాలరాతి పలకల మీద దాతల పేర్లు చెక్కిస్తాం కదా, చెక్కించేముందు ఈ కథ ఒకసారి చదువుకుంటే మంచిది.

ఆ తర్వాత రెల్లుపుల్ల మీద యాంగ్జీ నది దాటాడంటారు. నిద్ర వస్తుందని కనురెప్పలు కోసి పారేస్తే అవి తేయాకు మొక్కలయ్యాయంటారు. చచ్చి సమాధి అయ్యాక ఒక చెప్పు చేతబట్టుకుని కొండల్లో నడిచిపోయాడంటారు. ఇవన్నీ పుక్కిటి కథలు, వదిలేద్దాం.

తొమ్మిదేళ్ళు గోడకెదురుగా కూర్చున్నాడన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పాత గ్రంథాల్లో ఉన్నది గోడచూపు అనే ఒక్క మాట. దాని అర్థం వాళ్ళు విప్పి చెప్పలేదు. గోడని చూస్తూ కూర్చోవడమని కొందరు, గోడలాగా కదలని మనసుతో చూడడమని కొందరు తీసుకున్నారు. తొమ్మిదేళ్ళ లెక్క, సుంగ్ కొండ మీద షావొలిన్ ఆరామం పేరు, రెండూ తర్వాతి తరాలు చేర్చినవే.

ఆయన చివరి రోజుల గురించి దావ్‌షువాన్ చెప్పింది ఒక్క ముక్క. లొ నది ఒడ్డున పోయాడని. అంతే. విషం కథలు ఆ తర్వాత వచ్చాయి.

ఆయన చెప్పిన ధర్మం

మరి ఇంతకీ ఏం నేర్పాడు? తాన్‌లిన్ ముందుమాటతో మనకి మిగిలిన బోధ చిన్నది. ధర్మంలోకి రెండు దారులున్నాయన్నాడు. ఒకటి అవగాహన దారి, రెండోది ఆచరణ దారి. అవగాహన అంటే ప్రాణులందరి స్వభావం ఒక్కటేనని, పైన పేరుకున్న మురికి వల్ల అది కనిపించడం లేదని తెలుసుకోవడం. నేను, అవతలివాడు అనే తేడా, పామరుడు, పండితుడు అనే తేడా అక్కడ నిలవవు.

ఆచరణ దారిలో నాలుగు మెట్లు చెప్పాడు. మొదటిది, కష్టం వచ్చినప్పుడు పగ పెట్టుకోకపోవడం. రెండోది, మంచి వచ్చినా చెడు వచ్చినా అవి కారణాల వల్ల వచ్చి కారణాలు పోగానే పోయేవని గుర్తించి పొంగకుండా కుంగకుండా ఉండడం. మూడోది, దేనికీ అర్రులు చాచకపోవడం. నాలుగోది, ధర్మానికి తగినట్టు నడవడం, అంటే దానం చేస్తూ కూడా నేను దాతనన్న అహం లేకపోవడం.

రెండు, మూడు, నాలుగు మెట్ల మీద మనకి పేచీ లేదు. మొదటి మెట్టు దగ్గర మాత్రం మనం ఆగి తీరాలి. ఎందుకంటే, కష్టాన్ని పగ లేకుండా భరించడానికి కారణంగా అక్కడ చెప్పింది పూర్వజన్మల పాపం. ఇప్పుడు తప్పు చేయకపోయినా, ఎప్పుడో చేసిన దానికి ఫలం పండింది కాబట్టి నోరెత్తకుండా భరించు అని దాని సారం.

ఈ మాట మనకి కొత్తా? మన తాతముత్తాతలకి చెరువులో నీళ్ళు ముట్టనివ్వని రోజున చెప్పింది ఇదే మాట కదా. పూర్వజన్మలో పాపం చేశారు, అందుకే ఈ పుట్టుక పుట్టారు, భరించండి అని. బాబాసాహెబ్ బుద్ధుడు, ఆయన ధమ్మం రాసినప్పుడు సరిగ్గా ఈ ముడినే విప్పారు. పేదవాడి పేదరికానికి పూర్వజన్మని కారణం చేస్తే, రాజ్యానికీ సమాజానికీ ఏ బాధ్యతా లేకుండా పోతుందని, మహాకారుణికుడైన బుద్ధుడు అలాంటి సిద్ధాంతం చెప్పి ఉంటాడని అనుకోలేమని ఆయన తేల్చారు.

అయితే బోధిధర్ముణ్ణి పారేద్దామా? అక్కర్లేదు. పగ వద్దన్న మాట తీసుకుందాం, పూర్వజన్మ కారణాన్ని వదిలేద్దాం. పగ వేరు, ప్రతిఘటన వేరు. మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ చేసింది ప్రతిఘటన. అందులో పగ లేదు, హక్కు ఉంది.

తెగిన చెయ్యి

బోధిధర్ముడి శిష్యుడు హుయ్‌కె. ఈయన కథ కూడా రెండు రకాలుగా ఉంది. అందరికీ తెలిసినది ఇది: గురువు లోపలికి రానివ్వకపోతే హుయ్‌కె మంచులో నిలబడి, తన పట్టుదల చూపడానికి ఎడమ చెయ్యి తానే నరికి ముందు పెట్టాడట. బొమ్మల్లోనూ సినిమాల్లోనూ కనిపించేది ఇదే.

దావ్‌షువాన్ రాసింది వేరు. హుయ్‌కె చేతిని దొంగలు నరికారు. ఆయన మనసుని అదుపులో పెట్టుకుని, గాయాన్ని కాల్చి నెత్తురు ఆపుకుని, గుడ్డ కట్టుకుని, ఎప్పటిలాగే భిక్షకి బయల్దేరాడు. ఎవరికీ చెప్పుకోలేదు.

కొన్నాళ్ళకి అదే గతి తాన్‌లిన్‌కి పట్టింది. ఆయన చేతినీ దొంగలు నరికారు. తాన్‌లిన్ రాత్రంతా అరిచి ఏడ్చాడు. హుయ్‌కె వచ్చి కట్టు కట్టాడు, భిక్ష ఎత్తుకొచ్చి తినిపించాడు. హుయ్‌కె చేత్తో సరిగ్గా చేయడం లేదని తాన్‌లిన్‌కి కోపం వచ్చింది. అప్పుడు చెప్పాడు హుయ్‌కె, తనకీ ఒక చెయ్యే ఉందని. అప్పటిదాకా ఆ సంగతి తాన్‌లిన్‌కి తెలియనే తెలియదు.

తర్వాత ఉత్తర జౌ రాజు 574లో బౌద్ధం మీద పడి ఆరామాలు మూయించాడు, విగ్రహాలు పగలగొట్టించాడు. ఆ రోజుల్లో సూత్రాలనీ విగ్రహాలనీ దాచి కాపాడినవాళ్ళలో ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇద్దరివీ కలిపి రెండే చేతులు.

ఉపాసకులారా, ధర్మం చేతకానివాళ్ళదని ఎవరైనా అంటే చెప్పాల్సిన కథ ఇది. తన చెయ్యి తానే నరుక్కున్న భక్తుడి కథ మనకెందుకు? చెయ్యి పోయినా ఇంకొకరికి అన్నం తినిపించినవాడి కథ కావాలి.

షావొలిన్, చిన్ నా

ఇప్పుడు మన పిల్లవాడి ప్రశ్నకి వద్దాం. షావొలిన్ ఆరామాన్ని 495 ప్రాంతంలో వేయ్ చక్రవర్తి కట్టించాడు. కట్టించింది బోధిధర్ముడి కోసం కాదు, బాతువొ అనే ఇంకో భారతీయ భిక్షువు కోసం. అక్కడి భిక్షువులు యుద్ధంలో దిగిన మొదటి పెద్ద సంగతి 621 నాటిది. వాంగ్ షీచుంగ్ అనే యుద్ధనాయకుడు ఆరామం భూమిని ఆక్రమించాడు. భిక్షువులు అతని మేనల్లుడిలాంటి దగ్గరి బంధువు వాంగ్ రెన్‌జేని పట్టి, తర్వాత తాంగ్ చక్రవర్తి అయిన లీ షీమిన్‌కి అప్పగించారు. మెచ్చి ఆయన భూమి ఇచ్చాడు. 13 మంది భిక్షువుల పేర్లతో సహా ఈ సంగతి ఆరామంలో ఉన్న 728 నాటి రాతిశాసనం మీద కనిపిస్తుంది. అందులో బోధిధర్ముడు నేర్పిన విద్య అన్న ఊసు లేదు. అది భూమి తగాదా.

షావొలిన్ కర్రసాము 16, 17 శతాబ్దాల్లో మింగ్ కాలంలో పేరుకెక్కింది. తీరం మీద పడ్డ దోపిడీ ఓడల వాళ్ళతో ఆ భిక్షువులు పోరాడారు. ఉత్త చేతుల విద్యకి అక్కడ పేరు రావడం ఆ తర్వాత.

ఆ ఉత్త చేతుల విద్యలో ఒక భాగం చిన్ నా. పట్టుకోవడం, అదుపులో పెట్టడం అని ఆ మాటకి అర్థం. చైనా విద్యల్లో నాలుగు పనులు చెప్తారు: తన్నడం, కొట్టడం, పడేయడం, పట్టడం. ఈ నాలుగోదే చిన్ నా. మింగ్ సేనాని చీ జిగువాంగ్ 1560 ప్రాంతంలో రాసిన సైనిక గ్రంథంలో తన కాలపు పేరున్న విద్యలు లెక్కపెడుతూ, డేగగోళ్ళ వాంగ్ అనేవాడి పట్టుని చెప్పాడు. అక్కడ కూడా బోధిధర్ముడు లేడు.

ఆ విద్య పనిచేసే తీరు తెలుసుకుంటే భయమూ పోతుంది, భ్రమా పోతుంది. మన ఒంట్లో ప్రతి కీలూ కొంత మేరకే తిరుగుతుంది. మోచెయ్యి ఒక వైపే మడుస్తుంది. చెయ్యి చాపి ఉన్నప్పుడు మణికట్టుని పట్టి, మోచేతి వెనక నొక్కితే అది పోలేని వైపుకి పోవాలి. పోలేక మనిషి మొత్తం వంగుతాడు. మణికట్టుని బయటికి మెలిపెడితే వేళ్ళు పట్టు వదులుతాయి, కత్తి కింద పడుతుంది. మడిచిన చేతిని వీపు వెనక్కి ఎత్తితే భుజం బిగుస్తుంది. కండని విడదీయడం, ఎముకని కీలు తప్పించడం, ఊపిరి బిగించడం, సున్నితమైన చోట్లు నొక్కడం అని ఆ గురువులు భాగాలు చేస్తారు. ఊపిరి బిగించేవి ప్రాణం తీయగలవు, పిల్లలు ఆటకి కూడా చేయకూడదు.

మన తాలింఖానాల్లో వస్తాదులు నేర్పే కుస్తీకీ దీనికీ మూలసూత్రం ఒక్కటే. మన భాషలోనూ దాన్ని పట్టు అనే అంటాం. ఒంటి కీళ్ళు ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటాయి కాబట్టి, ఏ దేశంవాడైనా ఈ విద్యని తనంతట తాను కనిపెట్టుకోగలడు. ఇండియా నుంచి ఒకడు పోయి నేర్పాల్సిన అవసరం లేదు. సినిమా షూటింగులో కనిపించే మెలికకి ఇంకో రహస్యం ఉంది. అక్కడ పట్టుకి లొంగేవాడు ముందే నేర్చుకుని, మెలిక ఎటు పోతే అటు తానే ఎగురుతాడు. ఎగరకపోతే చెయ్యి విరుగుతుంది.

కథ ఎలా పుట్టింది?

మరి బోధిధర్ముడి పేరు ఇందులోకి ఎలా వచ్చింది? 1624 నాటి చివరిమాటతో యిజిన్ జింగ్ అనే వ్యాయామ పుస్తకం ఒకటి బయటికొచ్చింది. కండరాలూ నరాలూ మార్చుకునే విద్య అని దాని పేరు. బోధిధర్ముడు షావొలిన్‌లో వదిలిపోయిన పెట్టెలో ఇది దొరికిందని అందులో రాసుంది. ముందుమాటలు 7వ, 12వ శతాబ్దాల సేనానులవని చెప్పింది. 18వ శతాబ్దపు పండితుడు లింగ్ తింగ్‌కాన్ వాటిలో తేదీలు, పేర్లు పొసగవని పట్టుకుని, ఇది మాయ అని తేల్చాడు. 20వ శతాబ్దంలో తాంగ్ హావ్ అనే చైనా చరిత్రకారుడు మళ్ళీ పరిశోధించి, బోధిధర్ముడికీ షావొలిన్ కుస్తీలకీ సంబంధం లేదని చెప్పాడు. కానీ అప్పటికే 1904 తర్వాత వచ్చిన ఒక చైనా నవల ఆ కథని ఇంటింటికీ చేర్చేసింది. నవలల నుంచి హాంకాంగ్ సినిమాలకి, అక్కడి నుంచి మన తెరలకి వచ్చింది.

నిజం చెప్పిన చైనా పండితులు తమ దేశ గొప్పని తగ్గించుకోలేదు. ఒక అబద్ధాన్ని తగ్గించుకున్నారు. మనమూ అదే చేద్దాం.

మరి మన పిల్లలు ఏం చేయాలి?

పట్టు నేర్చుకోవద్దా? నేర్చుకోవాలి. కానీ బౌద్ధానికి దానితో ఉన్న అసలు సంబంధం తెలుసుకుని నేర్చుకోవాలి.

బ్రహ్మజాల సుత్తంలో భిక్షువు దూరంగా ఉండాల్సిన వేడుకల జాబితా ఉంది. కర్రల పోరు, గుద్దులాట, కుస్తీ అందులో ఉన్నాయి. సంఘం వాటిని కాలక్షేపంగా ఒప్పుకోలేదు. వినయ నియమాల్లో, కోపంతో ఇంకో భిక్షువుని కొట్టిన భిక్షువుది అపరాధం. కొట్టడానికి చెయ్యి ఎత్తినా అపరాధమే. కానీ అదే నియమం కింద ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా పట్టుకుని హింస పెడుతున్నప్పుడు, విడిపించుకోవాలన్న ఉద్దేశంతో దెబ్బ వేస్తే అపరాధం లేదు. రెండువేల ఏళ్ళకి పైబడిన మాట ఇది, భిక్షువుకే చెప్పిన మాట. ఇల్లూ వాకిలీ ఉన్న మనకి వేరే చెప్పాలా?

ఇక్కడ ఉద్దేశమే ముఖ్యం. బాబాసాహెబ్ కూడా అహింసని ఇలాగే చదివారు. చంపాలన్న కోరిక వేరు, తప్పనిసరి అవసరం వేరు అని. సమతా సైనిక దళ్ కట్టింది ఎవరినో కొట్టడానికి కాదు. మన సభ మీద రాళ్ళు పడుతుంటే నిలబడడానికి, మన మనుషులు చెదిరిపోకుండా ఉండడానికి.

అందుకని మీ కూతురికి ముందు విడిపించుకోవడం నేర్పించండి. ఎవడైనా మణికట్టు పట్టుకుంటే వాడి పట్టులో బలహీనమైన చోటు బొటనవేలికీ వేళ్ళకీ మధ్య సందు. చేతిని ఆ వైపు తిప్పి గుంజితే వదులుతుంది. తర్వాత అరవాలి, పరుగెత్తాలి. ఇది తెలిసిన మనిషి దగ్గర, వారానికి రెండు రోజులు, పట్టు పట్టినవాడు చెయ్యి తట్టగానే వదలాలి అనే నియమంతో నేర్చుకోవాలి. విహారం ఆవరణలోనే పెట్టుకోండి. వందన అయ్యాక ఒక గంట.

మీ కొడుకు బోధిధర్ముడి పేరు ఎత్తితే కసరకండి. పక్కన కూర్చోబెట్టుకుని, చక్రవర్తికి జంకని భిక్షువు కథ చెప్పండి. కష్టానికి పూర్వజన్మ పేరు పెట్టడాన్ని బాబాసాహెబ్ ఎందుకు ఒప్పుకోలేదో చెప్పండి. ఒంటిచేత్తో ఇంకొకడికి అన్నం తినిపించిన హుయ్‌కె కథ చెప్పండి. వాడు మళ్ళీ ఎగతాళికి గురైనప్పుడు ఆ మూడింటిలో ఏదో ఒకటి వాడికి పనికొస్తుంది. అవి ఎవరూ అబద్ధమని కొట్టిపారేయలేరు. కథైనదాన్ని కథ అనే చెప్పాం కదా.

సబ్బ ప్రాణులూ క్షేమంగా ఉండాలి. జై భీమ్. నమో బుద్ధాయ.